దాదీ కుట్టిన బొంత గోడకెక్కాలంటే: మొల కన్నా నేఫా మేలు

బోరబండలో చాలా ఇళ్లు చిన్నవి. అరవై గజాల్లో, ఎనభై గజాల్లో కట్టినవి. కింద ఇంటివాళ్లు, పైన కిరాయిదార్లు. అలాంటి ఇంట్లో ఇనుప ట్రంకు పెట్టె అడుగున పాత బొంత ఒకటి ఉంటే దాన్ని ఏం చేయాలో తోచదు. కప్పుకుందామంటే బరువు, ఉతుకుదామంటే చిరుగుతుందని భయం. పారేద్దామంటే దాదీ చీర ముక్క, అబ్బా పాత లుంగీ, అమ్మీ పెళ్లినాటి దుపట్టా అంచు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి సరైన ఫోటో కూడా ఉండదు. వాళ్ల చేతి గుర్తుగా మిగిలింది ఆ కుట్టే.

ఇప్పటి పిల్లలు దాన్ని హాల్లో గోడకు పెట్టుకుందాం అంటున్నారు. మంచి మాటే. కానీ ఆ మాట అనుకోగానే చాలా ఇళ్లలో మొదట చేసే పని రెండు మొలలు తెచ్చి రెండు మూలలకు దిగగొట్టడం. మక్కా మదీనా బొమ్మల మఖ్మల్ గుడ్డను మూలల్లో మొలలు కొట్టి తగిలించిన ఇళ్లు అందరూ చూసే ఉంటారు. ఏడాది తిరిగేసరికి ఆ గుడ్డ నడుమ జారి, పై అంచు ఊయల తాడులా వంగిపోతుంది. మొల దిగిన చోట చిన్న చిల్లు వేలు పట్టేంత అవుతుంది. పలచటి మఖ్మల్‌కే ఆ గతి పడితే, పాతబడిన నూలు పొరలు నాలుగైదు ఉన్న బొంతకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ముందు అది బొంతా, రజాయా?

ఏ పద్ధతి అని అడిగే ముందు చూడాల్సింది ఇది. మన ఇళ్లలో రెండింటినీ ఒకే పెట్టెలో పెడతారు గానీ రెండూ వేరు. బొంతలో దూది ఉండదు, లేదా చాలా తక్కువ. పాత చీరలు, ధోవతులు, దుప్పట్లు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి అంచుకు దగ్గర దగ్గరగా దారం నడిపిస్తారు. ఒక్కో కుట్టు అన్ని పొరలనూ పట్టుకుంటుంది. అందుకే నిలువుగా వేలాడదీసినా లోపలి గుడ్డ ఎక్కడిదక్కడే ఉంటుంది.

రజాయి, అంటే లిహాఫ్, అలా కాదు. పైన ఒక గుడ్డ, కింద అస్తర్, మధ్యలో ఏకిన దూది. తెలుగు నేల మీద ఈ పని చేసినవాళ్లు దూదేకుల, నూర్‌బాషా, పింజారీ అని పిలుచుకునే కుటుంబాలు. విల్లులాంటి పనిముట్టుతో దూదిని ఏకి, పొంగించి, సమంగా పరిచి, దూరం దూరంగా కుట్లు వేసేవారు. కుట్టు దూరంగా ఉండటం లోపమేమీ కాదు. దూది పొంగుగా ఉంటేనే అందులో గాలి నిలుస్తుంది, వెచ్చదనం వస్తుంది. కొన్నేళ్లకోసారి విప్పి, దూది మళ్లీ ఏకించి, కొత్త గుడ్డలో నింపుకోవడం కూడా ఆ లెక్కలోనిదే. కానీ అలాంటి రజాయిని గోడకు నిలబెడితే దూది మెల్లగా కిందికి జారుతుంది. పైన ఖాళీ గుడ్డ, కింద మూటలా ఉబ్బు మిగులుతాయి. కుట్ల మధ్య దూరం జానెడు ఉంటే దాన్ని వేలాడదీసే ఆలోచన మానుకోవడమే మంచిది. దివాన్ వీపు మీద మడతగా వేసి ఉంచితే అందరూ చూస్తారు, రజాయికీ నొప్పి ఉండదు.

ఇక బొంతే అనుకుంటే, దాన్ని మంచం మీద పరిచి పగటి వెలుతురులో ముక్క ముక్కా చూడాలి. ముఖ్యంగా నల్ల, ముదురు గోధుమ రంగు ముక్కలు. పాత కలంకారీలో నలుపును ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో వేసేవారు. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. చుట్టూ పువ్వులు బాగానే ఉండి నల్ల గీత ఉన్న చోట మాత్రం గుడ్డ పొడిపొడిగా రాలుతుంటే కారణం అదే. ముదురు రంగు పాత గుడ్డలు వేరేవీ ఇలాగే బలహీనపడొచ్చు. తర్వాత పై అంచు కింద రెండు అరచేతులు చాచి పెట్టి జానెడు ఎత్తి చూడండి. దారాలు పటపటమన్నా, పాత కుట్టు తెగినా అది వేలాడే స్థితిలో లేదని అర్థం. దానికేం చేయాలో చివర్లో.

బరువు ఎక్కడ పడుతోంది?

బొంతను వేలాడదీసే పద్ధతులన్నిటికీ వెనుక ఉన్న లెక్క ఒక్కటే. మూడు కిలోల బొంత, వెడల్పు 60 అంగుళాలు అనుకుందాం. రెండు మొలలకు తగిలిస్తే ఒక్కో మొల దగ్గర, గోరంత జాగాలో, కిలోన్నర బరువు రాత్రీ పగలూ లాగుతూ ఉంటుంది. అదే బరువును పై అంచు మొత్తానికి పంచితే అంగుళానికి 50 గ్రాములు. బొంత బరువు తెలియకపోతే బాత్రూం కాటా మీద బొంతతో ఒకసారి, లేకుండా ఒకసారి నిలబడితే తెలిసిపోతుంది.

షామియానా వేసేవాళ్లకు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. పెళ్లిళ్లలో చుట్టూ కట్టే ఖనాత్‌ను ఎవరూ రెండు మూలల్లో పట్టి వదిలేయరు. పై అంచు పొడవునా తాడు సాగుతుంది, మధ్య మధ్య కర్ర నిలబడుతుంది. గుడ్డను గోడగా నిలబెట్టడం దక్కన్‌కు కొత్త విద్య కాదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో గోల్కొండ సుల్తానుల కాలపు, 17వ శతాబ్దం మొదటి సగానికి చెందిన కలంకారీ తెర ఏడు భాగాలుగా ఉంది. మచిలీపట్నం తీరం నుంచి యూరప్ వెళ్లిన పలంగ్‌పోష్‌లను అక్కడివాళ్లు పాలంపోర్ అన్నారు. మంచం మీద పరిచారు, గోడలకూ వేలాడదీశారు. పలంగ్ అంటే ఏమిటో, పోష్ అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరూ చెప్పించుకోనక్కర్లేదు.

అయితే పాత గుడ్డలు కలిపి కుట్టిన ఇంటి బొంతకు గోడ మీద చోటు దొరకడం ఈ మధ్యకాలపు సంగతి. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికా పల్లెల క్విల్టులను పెయింటింగుల్లా గోడలకు పెట్టి ప్రదర్శించింది. 2002లో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి మహిళలు పాత పని బట్టలతో కుట్టినవి హ్యూస్టన్‌లో, ఆ తర్వాత విట్నీలో గోడకెక్కాయి. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు పాత బట్టలతో కుట్టే కవంది బొంతలు కూడా ఇప్పుడు ప్రదర్శనలకు వెళ్తున్నాయి. బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోవడం, మూలల్లో పువ్వు అని పిలిచే చిన్న మడతలు పెట్టడం వాళ్ల పద్ధతి. ఇవన్నీ గోడ మీదికి వచ్చాకే వేలాడదీయడం ఎలా అన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయమైంది. అలా నిలబడిన పద్ధతులు ముఖ్యంగా రెండు.

నేఫా పద్ధతి

షల్వార్‌కు నాడా ఎక్కించే నేఫా తెలుసు కదా. బొంత వెనుక, పై అంచు కింద అలాంటి గొట్టం ఒకటి కుట్టి, నాడాకు బదులు రాడ్ దూర్చడమే. గట్టిగా ఉన్న బొంతకు, సొంత ఇంటికి ఇదే అన్నిటికన్నా మంచిది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కాస్త ఓపిక కావాలి.

60 అంగుళాల బొంతకు 60 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు ఉన్న నూలు గుడ్డ తీసుకోవాలి. లాంగ్‌క్లాత్ గానీ, పాప్లిన్ గానీ చాలు. గంజి పోయేలా, కుంచించుకునేదేదో ముందే కుంచించుకునేలా ఒకసారి ఉతికి ఆరబెట్టాలి. రెండు కొసలనూ అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుడితే పొడవు 58 అవుతుంది. అంటే బొంతకు అటూ ఇటూ ఒక్కో అంగుళం తక్కువ, గొట్టం ముందు నుంచి కనిపించదు. తర్వాత నిలువు అంచులు కలిపి అర అంగుళం లోపల మిషన్ కుట్టు వేస్తే నాలుగు అంగుళాల గొట్టం తయారవుతుంది. ఇక్కడితో మిషన్ పని అయిపోయింది. ఆ మీద అంతా చేతికుట్టే.

గొట్టాన్ని బొంత వెనుక, పై అంచుకు ఒక అంగుళం కింద పెట్టాలి. దాన్ని చదునుగా కుట్టేస్తే రాడ్ దూర్చగానే దాని లావు బొంత ముందువైపుకి పొడుచుకొస్తుంది, పైన అడ్డంగా ఒక గూని కనిపిస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే. బొంతకు ఆనుకునే పొర మూడున్నర అంగుళాలు, గోడవైపు పొర నాలుగున్నర అంగుళాలు ఉండేలా పిన్నులు పెట్టుకోవాలి. అప్పుడు వెనుక పొర వదులుగా ఉబ్బి ఉంటుంది, రాడ్ లావు ఆ వదులులోకి వెళ్లిపోతుంది, ముందు బొంత చదునుగా నిలుస్తుంది.

కుట్టు తుర్పాయి. సూది వెనుక అస్తర్‌ను మాత్రమే పట్టుకుంటే బరువంతా ఆ ఒక్క పలచటి పొర మీద పడి అది చిరుగుతుంది. లోపలి రెండు మూడు పొరలను కూడా పట్టుకోవాలి, ముందువైపు మాత్రం దారం కనిపించకూడదు. గొట్టం పై అంచు, కింది అంచుతో పాటు రెండు కొసల దగ్గర బొంతకు ఆనే పొరను కూడా కుట్టేయాలి. లేదంటే రాడ్ గొట్టంలోకి పోకుండా గొట్టానికీ బొంతకూ మధ్య దూరి, కుట్లను లాగేస్తుంది.

రాడ్ ఏదైనా ఫరవాలేదు అనుకోవద్దు. ఇనుప రాడ్ మన వానాకాలంలో తుప్పు పడుతుంది, ఆ మరక నూలు నుంచి పోదు. పచ్చి చెక్కలోంచి వచ్చే పులుపు ఏళ్ల మీద గుడ్డను పసుపు పచ్చగా మారుస్తుంది. అల్యూమినియం పైపు మంచిది. చెక్కే వాడాలంటే వార్నిష్ పూసి, బాగా ఆరాక, పైన శుభ్రమైన నూలు గుడ్డ చుట్టాలి. బొంత ఆరడుగులు దాటితే రాడ్ మధ్యలో వంగుతుంది. అప్పుడు ఒకే గొట్టం బదులు రెండు గొట్టాలు కుట్టి, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, అక్కడ మూడో ఆధారం ఇవ్వాలి.

వెల్క్రో పద్ధతి

మ్యూజియాల్లో ఎక్కువగా వాడేది ఇదే. రెండు అంగుళాల వెడల్పు వెల్క్రోలో మెత్తటి వైపును ముందుగా నూలు పట్టీ మీద మిషన్‌తో కుట్టి, ఆ పట్టీని బొంత వెనుక పై అంచుకు చేతితో కుడతారు. గరుకు వైపును సన్నటి చెక్క పట్టీకి చిన్న మేకులతో బిగించి, ఆ చెక్కను గోడకు స్క్రూ చేస్తారు. మొత్తం అంచు ఒకేసారి పట్టుకుంటుంది గనుక బరువు సమంగా పంచుకుంటుంది. చేతితో కుట్టిన బొంత అంచు ఎప్పుడూ తిన్నగా ఉండదు కదా, ఆ వంకరను అక్కడక్కడ ఊడదీసి మళ్లీ అతికించి సరిచేసుకోవచ్చు. నేఫాలో ఆ వీలు లేదు. పైకప్పు కారినా, పక్కన మంట లేచినా ఒక్క లాగుతో కిందికి తీసేయవచ్చు. బంక ఉన్న వెల్క్రోను మాత్రం గుడ్డకు నేరుగా అంటించకూడదు. ఎండాకాలంలో బంక కరిగి నూలులోకి దిగిందంటే ఇక తీయలేరు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. పరదా రింగు క్లిప్పులు నాలుగు రోజుల దావత్‌కు సరే, నెలల తరబడి ఉంచితే క్లిప్పు పళ్లు దిగిన చోటల్లా మచ్చ, క్లిప్పుల మధ్య జారుడు. పై అంచుకు కుట్టే గుడ్డ ఉంగరాలదీ అదే కథ. రెండు చెక్క పట్టీల మధ్య పై అంచును పెట్టి బిగించేది వీటికన్నా నయం, కానీ బిగింపు ఎక్కువైతే పొరలు నలిగిపోతాయి. బలమైన అయస్కాంతం బిళ్లలతో పట్టించే పద్ధతి తేలిక గుడ్డలకు పనికొస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు. ఆ బిళ్లలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలు ఉన్న ఇంట్లోనూ వాటికి దూరంగా ఉండటం మేలు.

కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ వైపు సినిమా సెట్లలో పనిచేసేవాళ్లను అడిగితే పది నిమిషాల్లో పెట్టిస్తాం అంటారు. పెడతారు కూడా. స్టేప్లర్, పిన్నీసులు, క్లాంపులతో కెమెరాకు బ్రహ్మాండంగా కనిపించేలా నిలబెట్టడం వాళ్ల నేర్పు. అది ఆ రోజు షూటింగ్ అయ్యేదాకా నిలిస్తే చాలు. ఇంటి బొంత నిలవాల్సింది అంతకన్నా చాలా ఎక్కువ కాలం.

గోడ, కిరాయి ఇల్లు, కూలర్

గోడ దగ్గర కూడా తొందర పనికిరాదు. బాత్రూం పక్క గోడ, పడమటి వాన కొట్టే బయటి గోడ, వానాకాలంలో సున్నం పొక్కే గోడ ఏదైనా వదిలేయాలి. చెమ్మ పట్టిన బొంత వెనుక బూజు వస్తుంది, ముందు నుంచి చూసేవాళ్లకు నెలల తర్వాత గానీ తెలియదు. వంటింటి వైపు గోడ కూడా వద్దు, తాలింపు పొగలోని నూనె నూలుకు పట్టి దుమ్మును లాక్కుంటుంది. లోపలి అడ్డగోడ మంచిది. గోడకూ బొంతకూ మధ్య అర అంగుళమైనా గాలి ఆడాలి. వెల్క్రో చెక్క పట్టీ వెనుక చిన్న చెక్క ముక్కలు పెట్టి స్క్రూ చేస్తే ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. డ్రిల్లింగ్ మెషిన్‌తో రంధ్రం చేసి, ప్లాస్టిక్ గిట్టీ దించి స్క్రూ బిగించాలి. సుత్తితో కొట్టిన మొల సిమెంటు ప్లాస్టరింగ్‌ను పగలగొట్టి, నాలుగు నెలలకు తానే ఊడి వస్తుంది.

కూలర్‌ను మర్చిపోవద్దు. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో దాని తడిగాలి ఎదురు గోడకే కొడుతుంది. బొంత ఉన్న గోడ వైపు కూలర్ మూతి ఉంటే ఆ రెండు నెలలూ బొంతను దింపి ఉంచడమే దారి.

కిరాయిదార్లకు అసలు చిక్కు ఇంటివాళ్లతో. గోడకు రంధ్రం చేస్తే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో పట్టుకుంటారు. అంటించే హుక్కులను నమ్ముకోవద్దు. డిస్టెంపర్ మీద అవి బరువు ఆపవు, పొరతో సహా ఊడి వస్తాయి. రెండు ఎదురెదురు గోడల మధ్య బిగుసుకునే స్ప్రింగ్ రాడ్ ఇరుకు వరండాలో, అల్మారీ పక్క సందులో పనిచేస్తుంది, అదీ తేలిక బొంతకు. బరువైనదైతే ఫోటోగ్రాఫర్లు వెనుక పరదా కట్టే రెండు కాళ్ల స్టాండు మేలు. గోడకు ఒక్క చిల్లు పడదు, ఇల్లు మారితే మడిచి ఆటోలో వేసుకుపోవచ్చు. నేఫా కుట్టిన బొంత అయితే ఆ స్టాండు అడ్డపైపు నేరుగా అందులో దూరిపోతుంది. కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లు వెల్క్రో కన్నా నేఫానే ఎంచుకోవడానికి ఇదొక్కటి చాలు.

వెలుతురు సంగతి. ఎండ నేరుగా పడకపోయినా కిటికీ వెలుగు రంగును తింటుంది, పోయిన రంగు తిరిగి రాదు. మ్యూజియాల్లో పాత గుడ్డల మీద 50 లక్స్ కన్నా ఎక్కువ వెలుతురు పడనివ్వరు. అది చిన్న బల్బు మసక వెలుగంత. ఇంట్లో అంత చీకటిలో బతకలేం గనుక కిటికీకి ఎదురు గోడను వదిలి, కిటికీ ఉన్న గోడనే ఎంచుకోవచ్చు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు వేలాడదీసి, తర్వాత దింపి, నూలు దుప్పటిలో చుట్టగా చుట్టి దాచాలి. మడతల మీద మడతలు పెడితే ఆ గీతల వెంటే గుడ్డ తెగుతుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డకు తగలకుండా మూటగట్టి వేయాలి.

ఇక చేతుల మీద ఎత్తగానే కుట్లు తెగిన బొంత. దాన్ని వేలాడదీయాలనే పట్టుదల ఉంటే, బొంతంత వెడల్పున్న కొత్త గట్టి నూలు గుడ్డను వెనుక పరిచి, వరుసలు వరుసలుగా చేతికుట్టుతో బొంతకు పట్టించి, నేఫాను ఆ కొత్త గుడ్డకు కుట్టాలి. అప్పుడు బరువు మోసేది కొత్త గుడ్డ. అంత పని కుదరకపోతే చెక్క చట్రం మీద గుడ్డ బిగించి, గోడకు ఏటవాలుగా ఆనించి, దాని మీద బొంతను పరచవచ్చు. ఏటవాలు ఎంత ఎక్కువైతే పై అంచు మీద లాగుడు అంత తక్కువ. రెంటికీ ఆగని బొంతను మంచి వెలుగులో ఫోటో తీయించి ఆ ఫోటోను గోడకు పెట్టుకుని, అసలుదాన్ని పెట్టెలో పడుకోబెట్టడం ఉత్తమం. కత్తిరించి ముక్కను ఫ్రేము కట్టించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, ఆ కత్తెర పని వెనక్కి తీసుకోలేనిది.

గోడకెక్కించే ముందు వెనుక కింది మూలలో అరచేయంత తెల్ల గుడ్డ ముక్క కుట్టండి. ఎవరు కుట్టారు, ఏ ఊళ్లో, సుమారు ఏ ఏడు, ఏ ముక్క ఎవరి బట్ట అన్నది అందులో రాయాలి. ఫుప్పీ, ఖాలా ఎవరైనా ఇంకా చెప్పగలిగిన స్థితిలో ఉంటే వాళ్లను కూర్చోబెట్టి ముందే అడిగి పెట్టుకోవాలి. పెన్ను సిరా పాకుతుంది, కాబట్టి అక్షరాలు దారంతో కుడితే మంచిది. ఉర్దూలోనైనా, తెలుగులోనైనా సరే.

పెట్టాక నెల రోజులకు ఒకసారి రాడ్ దగ్గర కుట్లను, వెనుక గోడను చేత్తో తడిమి చూడాలి. దింపేటప్పుడు ఇద్దరు కావాలి, ఒకరు రాడ్ పట్టుకుంటే ఇంకొకరు కింది నుంచి రెండు చేతుల మీదకు బొంతను తీసుకోవాలి.